‘ఉత్తరాల సంచి’ రెండో సగం

ఆ ఆదివారం పొద్దున్నే పావుతక్కువ బాబాయ్ తన సొంత ఇంట్లో దొంగతనం చేశాడు. దొంగిలించింది రెండు సెల్లులు. టీవీ రిమోట్ వెనక మూత తీసి, రెండింటినీ గుప్పిట్లో పెట్టుకుని, నడివయసులో కూడా ఎప్పుడూ నడవనంత మెత్తగా హాల్లోకి నడిచాడు.

బాబాయ్ అసలు పేరు ఆయనకీ, ఆయన దుకాణం బోర్డుకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. నలభై ఏళ్లుగా వీధి చివర వాచీలు బాగుచేస్తున్నాడు. టైమెంతయిందని ఎవరడిగినా, ముళ్లు ఎక్కడున్నా సరే, ముందు ‘పావు తక్కువ’ అనేసి ఆ తర్వాత మిగతాది వెతుక్కుంటాడు. అలా పడిందా పేరు. అది టైముని బట్టి వచ్చిందా, బుర్రని బట్టి వచ్చిందా అని వీధిలో రెండు పక్షాలున్నాయి. ఆయన భార్యది ఏ పక్షమో ఇంతవరకూ బయటపడలేదు.

ఆవిడ పేరు హలో పిన్ని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ వంటింట్లో ఉండగా ఎవరైనా పిలిస్తే “లైన్లో ఉండండి” అంటుంది. ఒక గొంతు ఒక్కసారి వింటే చాలు, పదేళ్ల తర్వాత ఆ మనిషి పక్కవీధిలో తుమ్మినా ఎవరో చెప్పేస్తుంది.

బాబాయ్ దొంగతనానికి కారణం ముందురోజు సాయంత్రం వచ్చింది. కూతురు వచ్చి టీవీ వెనక సబ్బుపెట్టెంత నల్లటి బాక్సొకటి తగిలించింది.

“దీంట్లో సినిమాలన్నీ వస్తాయమ్మా.”

“అన్నీ అంటే?”

“అన్నీ. నీ కాలంవి కూడా. రిమోట్ మీద ఈ గుండీ నొక్కి పేరు చెప్పు. అదే వెతుకుతుంది.”

పిన్ని రిమోట్‌ని నోటిదగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని, డ్యూటీలో ఉన్నట్టే అడిగింది: “హలో, ‘ఉత్తరాల సంచి’ ఉందాండీ?”

తెరమీద చిన్న చక్రం తిరిగింది. ఆ తర్వాత వెలిసిపోయిన రంగుల్లో ఒక పోస్ట్‌మాన్ సైకిలెక్కి, భుజాన సంచితో ప్రత్యక్షమయ్యాడు.

బాబాయ్‌కి టీ పొలమారింది.

“ఇప్పుడే పెట్టనా అమ్మా?” అంది కూతురు.

“ఇప్పుడొద్దే. రేపు మూడింటికి, మ్యాట్నీ టైముకి చూస్తాను. మా ఎక్స్ఛేంజిలో చేసిన ట్రంకాల్‌ని కూడా పిలుస్తాను,” అంది పిన్ని. ఆ మాట అంటూ భర్త వైపు చూసి నవ్వింది. బాబాయ్ కూడా నవ్వాడు. ఆయన నవ్వు మాత్రం పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే ముప్పై ఎనిమిదేళ్లు వెనక్కి తిప్పాలి.

అప్పటికి వాళ్ల పెళ్లయి రెండు నెలలు. ఆవిడ ఆయనతో మూడు నిమిషాల కాల్ మాట్లాడినట్టు మాట్లాడేది. “భోంచేస్తారా? పెట్టాను. ఇంకా కావాలా? సరే.” అక్కడితో లైను కట్. అలాంటి రోజుల్లో ఊళ్లోకి ‘ఉత్తరాల సంచి’ వచ్చింది. వారం రోజులే ఆట, అదీ మ్యాట్నీ ఒక్కటే. ఆ వారమంతా పిన్నికి పగటి డ్యూటీ. సాయంత్రం వచ్చి గోడమీద పోస్టరు ఎలా ఉందో చెబుతూ ఉండిపోయింది. పెళ్లయ్యాక ఆవిడ నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడడం బాబాయ్ అప్పుడే విన్నాడు.

“దానికేముంది, నేను చూసొచ్చి చెప్తాను. నువ్వు చూసినట్టే ఉంటుంది,” అని కోతలు కోశాడు.

మర్నాడు మ్యాట్నీకి వెళ్లాడు. మొదటి సగం కళ్లప్పగించి చూశాడు. యుద్ధానికెళ్లిన కుర్రాడి ఉత్తరం కోసం ఒకమ్మాయి రోజూ గుమ్మంలో నిలబడుతుంది. ఉత్తరం రాదు. ఆ పిల్ల మొహం చూడలేక పోస్ట్‌మానే ఆ కుర్రాడి పేరుతో ఉత్తరాలు రాసి, తనే తెచ్చి ఇస్తుంటాడు. అక్కడ విశ్రాంతి పడింది. బాబాయ్ బయటికెళ్లి పల్లీల పొట్లం కొనుక్కుని వచ్చి కూర్చున్నాడు. పొద్దుటినుంచీ ఒక కంటికి భూతద్దం బిగించుకుని చీమంత మరలు తిప్పిన మనిషి. పైన ఫ్యాను, చుట్టూ చీకటి, కింద మెత్తటి సీటు. దీపాలారాయి. ఆయన కళ్లూ ఆరాయి.

మళ్లీ తెరిచేసరికి చీపురొకటి కాళ్లకి తగులుతోంది. హాల్లో ఊడ్చేవాడు తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొదటి సగం గంటసేపు చెప్పాడు. పిన్ని రెండు మోచేతులూ బల్లమీద ఆనించి, గడ్డం కింద చేతులు పెట్టుకుని అడిగింది: “తర్వాత?”

తర్వాత నిద్రపోయానని చెప్పడం ఎంతసేపు? కానీ ఆ మొహం చూశాక బాబాయ్‌కి నోరు రాలేదు. ఉన్నపళంగా రెండో సగం తనే తీశాడు. యుద్ధం నుంచి కుర్రాడు తిరిగొస్తాడు. అతని చేతిరాత చూసి, ఇన్నాళ్లూ రాసింది ఇతను కాదని అమ్మాయికి తెలిసిపోతుంది. పోస్ట్‌మాన్‌కి బదిలీ అవుతుంది. రైలు కదులుతుంది. అమ్మాయి ప్లాట్‌ఫారం మీద పరిగెత్తి, కిటికీలోంచి ఒక పోస్టుకార్డు అతని సంచిలో పడేస్తుంది. దానిమీద రెండే మాటలు: ‘జవాబు రాయండి.’

ఆ పరుగు చూపించడానికి బాబాయ్ పిన్ని తువ్వాలుని కొంగులా వేసుకుని వసారాలో ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెత్తాడు. పిన్ని ముందు ఏడ్చింది. ఆ తర్వాత ఆయన్ని ఆ వేషంలో చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రంతో మూడు నిమిషాల కాల్ పద్ధతి ఎత్తేశారు.

అంతా బాగానే ఉండేది. నాలుగు రోజుల తర్వాత దుకాణానికొచ్చిన ఒక వాచీ ఆసామి, “చూశారా బాబాయ్, ఆ పోస్ట్‌మాన్ చివరికి సీఐడీ అంట!” అన్నాడు. బాబాయ్ పళ్ల మధ్య పెట్టుకున్న బుల్లి మర మింగినంత పని చేశాడు.

తప్పు లైను కలిపితే వెంటనే ఒప్పుకోవాలి అనేది పిన్ని డ్యూటీ సూత్రం. ఇంట్లో కూడా అదే నడిపింది. కానీ ఒప్పుకునే లోపే ఆవిడ ఆ కథని ఎక్స్ఛేంజంతా చెప్పేసింది. ఏటా ఒకసారైనా బాబాయ్ చేత చెప్పించుకునేది. రైల్లో పక్కన ఎవరు కూర్చున్నారు, కార్డు ఏ రంగు, వాన పడుతోందా లేదా అని అడిగేది. బాబాయ్ ప్రతిసారీ ఏదో ఒకటి కలిపి, “నా కళ్లతో చూశాను,” అనేవాడు. ఈ మూడేళ్లుగా మాత్రం, ఫోన్లో ఏదడిగినా దొరికే కాలం వచ్చిందని భయపడి, గొంతు బాగాలేదనీ మోకాళ్లు లాగుతున్నాయనీ దాటేస్తున్నాడు.

ఇప్పుడు ఆ సినిమాయే నడిచి ఇంట్లోకొచ్చింది. పెళ్లి మొత్తం ఆ రైలుమీదే ఎక్కి ఇంతదూరం వచ్చిందని బాబాయ్ నమ్మకం. ఆ రైలే లేదంటే ఏమవుతుందో ఆయనకి ఊహకందలేదు. అందుకే సెల్లుల దొంగతనం.

తీసినవాటిని ఎవరికీ అనుమానం రానిచోట దాచాలి. హాల్లో గోడ గడియారం ఆరు నెలలుగా పది గంటల ఇరవై నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. దాని వెనక రెండు సెల్లులూ దూర్చేసి, దుమ్ము దులుపుకుని కూర్చున్నాడు.

బజారునుంచి వచ్చిన పిన్ని చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయింది.

“ఏవండీ, ఏదో చప్పుడవుతోంది.”

“ఏం చప్పుడు?”

“టిక్కు టిక్కుమని.”

“వాచీలాయన ఇంట్లో గడియారం తిరిగితే వింతా?”

“వేరే ఇంట్లో వింత కాదు. ఈ ఇంట్లో వింతే. ఆర్నెల్లుగా మొత్తుకుంటుంటే ఇవాళే తీరికయిందా?”

“పెళ్లాం మాట వినడం కూడా తప్పేనా?”

పిన్ని రిమోట్ చేతిలోకి తీసుకుని బరువు చూసింది. “సెల్లేదీ?”

“ఛార్జింగులో పెట్టాను.”

“ఆ సెల్లు కాదు. ఈ సెల్లు.”

ఆయన జవాబు వెతుక్కునేలోపే కుర్చీ ఎక్కి గడియారం దింపి, రెండు సెల్లులూ తీసి రిమోట్‌లో వేసి, గడియారాన్ని మళ్లీ తగిలించేసింది. ఈసారి అది పావుతక్కువ పన్నెండు దగ్గర ఆగిపోయింది.

పిన్ని వంటింట్లోకి వెళ్లగానే బాబాయ్ రెండో ఎత్తు వేశాడు. పిల్లలు చూడకూడని సినిమాలకి బాక్సులో తాళం ఉంటుందని కూతురు అనగా విన్నాడు. ఉత్తరాల సంచికి ఆ తాళం వేసేస్తే తీరిపోతుంది. టీవీ శబ్దం బాగా తగ్గించి, రిమోట్ మీద కనిపించిన గుండీలన్నీ వరసగా నొక్కుకుంటూ పోయాడు. ఏది ఏ గుండీతో కలిసి నొక్కుకుందో గానీ, తగ్గించిన శబ్దం కూడా పెరిగిపోయి, బాక్సులోంచి ఆడగొంతొకటి హాలంతా మారుమోగింది.

“నమస్కారం. చదివి వినిపించే సౌకర్యం మొదలైంది.”

బాబాయ్ ఎగిరిపడ్డాడు. “ష్!” అన్నాడు టీవీతో.

“సెట్టింగులు,” అంది టీవీ.

“ఎవరండీ వచ్చింది?” వంటింట్లోంచి కేక.

“ఎవరూ లేరు! వార్తలు!”

“ఉత్తరాల సంచి,” అంది వార్తలు చదివే అమ్మాయి. “ఈ సినిమాకి తాళం వేయాలా? అవును. కాదు.”

బాబాయ్ గట్టిగా దగ్గుతూ ‘అవును’ నొక్కాడు.

“అవును. ఎంచుకున్నారు. నాలుగంకెల రహస్య సంఖ్య ఇవ్వండి.”

దిండు తెచ్చి టీవీ మొహం మీద అదిమి, రెండో చేత్తో అంకెలు నొక్కాడు. దిండు కిందినుంచే ఆ అమ్మాయి ఒక్కోటీ ఒత్తి పలికింది: “ఒకటి. సున్నా. రెండు. సున్నా. రహస్య సంఖ్య భద్రపరచబడింది.”

ఆర్నెల్లుగా ఆగిన గడియారంలో చూసి చూసి అలవాటైన అంకెలవి. కంగారులో వేరే తట్టలేదు.

వెంటనే పెరట్లోకి పోయి కూతురికి ఫోన్ చేశాడు. “అమ్మా, ఈ పిల్ల నోరు మూయించడం ఎలా?”

“ఏ పిల్ల నాన్నా?”

“బాక్సులో పిల్ల! నేను ఏం చేస్తే అది మీ అమ్మకి చెప్పేస్తోంది.”

 అవతలినుంచి నవ్వు ఆపుకుంటున్న శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఏ రెండు గుండీలు కలిపి నొక్కాలో చెప్పింది. బాబాయ్ వెళ్లి నొక్కాడు. “సౌకర్యం ఆపబడింది,” అని చెప్పి ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

వంటింటి గుమ్మంలో పిన్ని చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. “వార్తలమ్మాయి గొంతు బాగుంది,” అంది. “అంకెలు మాత్రం అంత సాగదీయకూడదు.”

మూడు కాకముందే ట్రంకాల్ వచ్చింది. ఆవిడా పిన్నితో కలిసి ఎక్స్ఛేంజిలో చేసినావిడే. ఆ రోజుల్లో దూరపు ఊళ్ల లైన్లు సరిగా వినపడక అరిచి అరిచి గొంతు అక్కడే స్థిరపడిపోయింది. పక్కనే కూర్చున్న మనిషితో కూడా మూడొందల మైళ్ల అవతల ఉన్నట్టే మాట్లాడుతుంది.

“వదినా! పెట్టావా! అన్నయ్యగారూ! బాగున్నారా!”

“బాగానే ఉన్నానమ్మా,” అన్నాడు బాబాయ్, చెవి సర్దుకుంటూ. “కానీ బాక్సే బాగున్నట్టు లేదు. ఏదో తాళం అడుగుతోంది.”

“ఎవరు వేశారు తాళం?” అంది పిన్ని.

“అదే వేసుకునుంటుంది. కొత్త చోటు కదా, బెదురు.”

పిన్ని ఆయన మొహంలోకి చూస్తూ, రిమోట్ వైపు చూడకుండానే నొక్కింది. ఒకటి, సున్నా, రెండు, సున్నా. తాళం ఊడిపోయింది. ముప్పై ఏళ్లు నంబర్లు ఒక్కసారి విని కలిపిన చెవి అది. దిండుకి లొంగుతుందా?

కిటికీ తెరలు లాగి, ముగ్గురూ కూర్చున్నారు. బొమ్మ మొదలైంది.

తెరమీద సన్నటి గీతలు వానలా జారుతున్నాయి. పాటలో గొంతు అక్కడక్కడా వణికింది. హీరోయిన్ జడ చూసి, ఆ ఏడాది ఎక్స్ఛేంజిలో పదిమంది ఆపరేటర్లు అలాగే అల్లుకొచ్చారని ట్రంకాల్ వీధికంతటికీ చెప్పింది. ఆ జడలమీద హెడ్‌ఫోన్ నిలవక సూపర్‌వైజరు తలపట్టుకున్నాడని పిన్ని అందుకుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ నవ్వారు.

బాబాయ్‌కి కూడా భయం కాసేపు ఎటో పోయింది. పోస్ట్‌మాన్ గుమ్మం ముందు సైకిలు ఆపి బెల్లు కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం ఆయనకి ఇంకా గుర్తుంది. ఇది చూసిన రోజున తన వేళ్లకి నూనె వాసన, ఒక కన్ను ఎర్రగా ఉండడం, ఇంటికెళ్లి ఎలా మొదలుపెట్టాలా అని దారంతా సణుక్కుంటూ నడవడం, అన్నీ వచ్చి పక్కన కూర్చున్నాయి. పక్కకి చూశాడు. పిన్ని రెండు మోచేతులూ ఒళ్లో దిండుమీద ఆనించి, గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తోంది. జుట్టు తెల్లబడింది. కూర్చున్న తీరు మాత్రం అదే.

తెరమీద ‘విశ్రాంతి’ అని పడింది. బాబాయ్ గభాలున లేచాడు.

“ఇక్కడితో ఆపేద్దామా? మిగతాది తెలిసిందేగా. నీ కళ్లు కూడా ఎర్రబడ్డాయి.”

“నా కళ్లు బాగానే ఉన్నాయి.”

“పోనీ ట్రంకాలమ్మకి ఆలస్యమవుతుందేమో!”

“నాకేం తొందర లేదు అన్నయ్యగారూ!” అంది ట్రంకాల్. ఎదురింటి కుక్క లేచింది.

“సరే, టీ పెట్టుకొస్తాను,” అని బాబాయ్ లోపలికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, వెనక గదిలో ఇంటర్నెట్టు వైరు పట్టి ఒక్క లాగు లాగేశాడు.

టీ కప్పులతో తిరిగొచ్చేసరికి తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.

“అయ్యో! లైను పోయినట్టుందే! ఈ కంపెనీలవాళ్లంతా ఇంతే!” అని ఎంత బాధ నటించాలో అంతకి రెట్టింపు నటించాడు.

“కంగారుపడకండి,” అంది పిన్ని. తన ఫోన్ తీసి రెండు చోట్ల నొక్కి, ఫోన్లోని నెట్టుని బాక్సుకి కలిపేసింది. “ఒక లైను తెగితే ఇంకో లైను కలపడం నాకు కొత్తా?”

చక్రం మాయమైంది. రెండో సగం మొదలైంది.

పోస్ట్‌మాన్ ఇరుకు సందులోకి వెళ్లాడు. అటూ ఇటూ చూశాడు. ఉత్తరాల సంచిలో చెయ్యి పెట్టాడు. ఆ చేతికి పోస్టుకార్డు రాలేదు, పిస్తోలు వచ్చింది. బాబాయ్ గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం పీపాలాగా దొర్లుకుంటూ పోతున్న చప్పుడు వినిపించింది. అది నిజంగానే పీపాల చప్పుడు. తెరమీద ఫ్యాక్టరీలో కొట్లాట మొదలైంది.

“నేను పోస్ట్‌మాన్‌ని కాదు!” అంది హీరో గొంతు.

“సీఐడీని!” అన్నాయి మరో రెండు గొంతులు, హీరో కంటే అరక్షణం ముందే.

బాబాయ్ ఒక కన్ను తెరిచాడు. పిన్నీ, ట్రంకాలూ కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నారు. విలన్ అనబోయేది కూడా ముందే అనేస్తున్నారు.

“నీకు... తెలుసా?” అన్నాడు.

“ఆ వారంలోనే తెలుసు,” అంది పిన్ని. “నా మాట నమ్మి ఆరుగురు ఆపరేటర్లు వెళ్లారు. మర్నాడు హెడ్‌ఫోన్లు తీసేసి నా మీద పడ్డారు, రైలేదీ, పోస్టుకార్డేదీ అని.”

“నేను సినిమాహాలు మేనేజరుతో దెబ్బలాడాను అన్నయ్యగారూ! మంచి సీను ఎందుకు కోశావని! పాపం, ఆయన రీళ్లున్న డబ్బాలన్నీ తెరిచి చూపించాడు! ఒక్కదాంట్లోనూ రైలు లేదు!”

“ఆఖరి రోజు డ్యూటీ మార్చుకుని మేమిద్దరం వెళ్లాం,” అంది పిన్ని. “పిస్తోలు బయటికి రాగానే అర్థమైంది. ఆ రోజు మీ చెంపమీద సీటు అచ్చు ఎందుకు పడిందో.”

బాబాయ్ చేతిలో టీ కప్పు కింద పెట్టడానికి చోటు వెతికాడు. “మరి ఒక్కసారైనా అడగలేదేం?”

“అడిగితే ఒప్పేసుకుంటారు. ఒప్పేసుకుంటే మళ్లీ చెప్పరు.”

“అంటే ఇన్నేళ్లూ కార్డు రంగేమిటి, వాన పడిందా అని...”

“ఎంతవరకు అల్లుతారో చూద్దామని. రైల్లో పక్క సీట్లో మేకపిల్లని కూడా కూర్చోబెట్టారు ఒక ఏడాది.” పిన్ని నవ్వు తగ్గింది. “మూడేళ్లుగా చెప్పమంటే గొంతు అంటారు, మోకాళ్లు అంటారు. ఇంక మీరు చెప్పరేమో అనిపించింది. అందుకే పిల్లని అడిగి ఈ బాక్సు పెట్టించాను. దీన్ని చూస్తే మీరు ఊరుకోరని తెలుసు.”

 సెల్లులు, తాళం, దిండు, వైరు ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చి బాబాయ్‌కి చెవులు వేడెక్కాయి. అవన్నీ ఆవిడ ముందే చూసిన సినిమాలాగా చూసింది.

పిన్ని రిమోట్ అందుకుని శబ్దం పూర్తిగా తీసేసింది. తెరమీద మనుషులు నోళ్లు తెరిచి మూస్తూ కొట్టుకుంటున్నారు.

“ఊఁ, కానివ్వండి. తర్వాత?”

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. కూర్చునే మొదలుపెట్టాడు గానీ రెండు నిమిషాలకే లేచి నిలబడ్డాడు. దొర్లే పీపాలు రైల్లోకి ఎక్కించే సామాన్లయ్యాయి. విలన్ స్టేషన్ మాస్టరయ్యాడు, ఈ పోస్ట్‌మాన్ బదిలీ వద్దని బతిమాలుకుంటున్నాడు. కట్టేసిన తాళ్లు విడిపించుకుని హీరోయిన్ పరిగెత్తగానే, “అదుగో, పరిగెత్తింది!” అని అరిచాడు. ట్రంకాల్ తన కొంగుతో కళ్లు తుడుచుకుంది. పిన్ని తెర వైపు చూడడం ఎప్పుడో మానేసింది.

అంతా అయ్యాక ట్రంకాల్ వెళ్లిపోయింది. వీధి మలుపు దాటేదాకా ఆవిడ వీడ్కోలు వినిపిస్తూనే ఉంది. బాబాయ్ వెనక గదిలోకి వెళ్లి, పీకిన వైరుని బుద్ధిగా దాని చోట్లో పెట్టి వచ్చాడు. పిన్ని బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద ఏదో రాస్తోంది.

“ఏమిటది?”

“ఆ రోజుల్లో మీరు చూసొచ్చి చెప్పిన మిగతా సినిమాలు. పదకొండు తేలాయి. ఆదివారానికొకటి చూద్దాం.” కలం ఆపి తలెత్తింది. “వీటిల్లో వేటికి నిద్రపోయారో మీరు చెప్తారా, నన్నే చూసి తెలుసుకోమంటారా?”

బాబాయ్ ఆ కాగితం తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. పైనుంచి కిందికి వేలుపెట్టి చదివాడు. మళ్లీ కిందినుంచి పైకి చదివాడు. 

“రెండింటికి మేలుకునే ఉన్నాను,” అన్నాడు.